ఎవరూ ఏ కిరణాలూ పంపలేదు

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పత్రికలో పిరమిడ్ల మీద అర పేజీ వ్యాసం వేశారు. సైన్సుకు మన తెలుగు పేపర్లో అంత చోటు దొరకడమే అపురూపం కాబట్టి సంబరపడి, టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా చివరిదాకా చదివాను. చదివాక మనసు చివుక్కుమంది. "శాస్త్రవేత్తలు పిరమిడ్ లోపలికి శక్తిమంతమైన కాస్మిక్ కిరణాలను పంపి రహస్య గదులను కనిపెట్టారు" అని రాశారు అందులో. ఎవరూ ఏ కిరణాలూ పంపలేదండీ. ఆ పద్ధతి గొప్పతనమంతా ఏమీ పంపకపోవడంలోనే ఉంది, అది తీసేస్తే చెప్పడానికి ఇంకేమీ మిగలదు. దానికి తోడు పిరమిడ్ అడుగున వందల మీటర్ల లోతులో ఏదో నగరం ఉందన్న కథను కూడా తెచ్చి ఇందులోనే కలిపి, రెండింటినీ ఒకే గాటన కట్టేశారు. మా పక్కింటి ఇంటర్ పిల్లాడు ఆ పేపర్ పట్టుకొచ్చి "అంకుల్, ఆ కిరణాల వల్ల అక్కడికి వెళ్ళే టూరిస్టులకు క్యాన్సర్ రాదా?" అని అడిగాడు. వాడికి చెప్పిందే మీకూ రాస్తున్నాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

మన నెత్తిన రాత్రీ పగలూ ఒక వాన పడుతూనే ఉంది. అంతరిక్షం నుంచి వచ్చే కణాలు (మీరు రాసిన కాస్మిక్ కిరణాలంటే ఇవే), వాటిలో ఎక్కువ భాగం ప్రోటాన్లే, భూమికి చాలా ఎత్తున గాలిని గుద్దుకుంటాయి. ఆ దెబ్బకు కొత్త కణాలు పుడతాయి, వాటినుంచి సుమారు 15 కిలోమీటర్ల ఎత్తున మ్యూవాన్లు అనే కణాలు తయారై కిందికి దూసుకొస్తాయి. పైనుంచి ఏదో వస్తోందన్న సంగతిని 1912లో విక్టర్ హెస్ బెలూన్ ఎక్కి మరీ కనిపెట్టాడు. మ్యూవాన్‌ను 1936లో కార్ల్ ఆండర్సన్, సెత్ నెడర్‌మయర్ గుర్తించారు. ఎలక్ట్రాన్‌కు అన్నలాంటిది, బరువు మాత్రం 207 రెట్లు. ఆయుష్షు, సెకనును పది లక్షల భాగాలు చేస్తే అందులో 2.2 భాగాలు మాత్రమే. కాంతి వేగంతో పరిగెత్తినా అంతలో 660 మీటర్లకు మించి పోలేదు, మరి 15 కిలోమీటర్లు ఎలా దిగి వస్తోంది అంటే, అంత వేగంలో దాని గడియారం మనకు నెమ్మదిగా నడుస్తుంది కాబట్టి. ఐన్‌స్టీన్ చెప్పిన ఈ మాటకు ఆ కణాలే సాక్ష్యం పలకగలవని 1938లోనే రాసినవాడు మన హోమీ భాభా. వ్యాసంలో ఆయన పేరు ఒక్కచోటైనా ఉంటే ఎంత బాగుండేది!

అరచెయ్యి చాపండి. నేల మట్టాన చదరపు సెంటీమీటరుకు నిమిషానికి ఒక మ్యూవాన్ చొప్పున పడుతుంది, అంటే మీ అరచేతిలోంచి సెకనుకు ఒకటైనా దూరిపోతూ ఉంటుంది. ఈ ఉత్తరం చదువుతున్నంతసేపూ మీ తలలోంచీ, కుర్చీలోంచీ, స్లాబులోంచీ అవి పోతూనే ఉంటాయి. పక్కింటి పిల్లాడికి నా జవాబు అదే: పిరమిడ్ దగ్గరికి వెళ్ళినవాళ్ళకు కొత్తగా ఏమీ తగలదు, ఇంట్లో పడుకున్నా తగిలేవే అవి. పైగా పిరమిడ్ లోపల అంత రాయి అడ్డం ఉంటుంది కాబట్టి బయటకన్నా తక్కువే తగులుతాయి.

నమ్మకం కుదరకపోతే ఇంట్లోనే చూడొచ్చు. రెండేళ్ళ కిందట మా అమ్మాయి, నేనూ కలిసి ఒక చిన్న చేపల తొట్టి తెచ్చి, దాని అడుగున మందపాటి గుడ్డ అతికించి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపి, నల్ల రంగు వేసిన ఇనప పళ్ళెం మీద బోర్లించాం. పళ్ళెం కింద డ్రై ఐస్. గదిలో లైట్లు ఆర్పి పక్కనుంచి టార్చి వేసి కూర్చున్నాం. పావుగంట దాకా ఏమీ లేదు, మా అమ్మాయి విసుక్కోవడం కూడా మొదలుపెట్టింది. ఆ తర్వాత పళ్ళేన్ని అంటుకుని ఒక పల్చటి మంచు పొర పట్టింది, అందులో ఉన్నట్టుండి ఒక గీత. సాలీడు పోగంత సన్నగా, రూలర్ పెట్టి గీసినట్టు తిన్నగా. రెండు సెకన్లలో కరిగిపోయింది. పక్కనే ఇంకొకటి. పొట్టిగా లావుగా ఉండే గీతలు కొన్ని వచ్చాయి, వంకర టింకరగా తిరిగేవి కొన్ని వచ్చాయి, అవి వేరే కణాలవి. ఆ నిటారు సన్న గీతల్లో చాలావరకు మ్యూవాన్లవే. ఆ రాత్రి ఒంటిగంట దాకా మేం లేవలేదు.

ఇక దీంతో పిరమిడ్ లోపల ఎలా చూస్తారు అన్నది. చిన్నప్పుడు పూరింట్లో పడుకున్నవాళ్ళకు ఇది ఇట్టే అర్థమవుతుంది. మిట్టమధ్యాహ్నం చాప మీద వెల్లకిలా పడుకుని చూస్తే కప్పు పల్చబడిన చోట వెలుతురు చుక్కలు ఎక్కువగా పడేవి, దట్టంగా ఉన్న చోట చీకటిగా ఉండేది. కప్పెక్కి చూడకుండానే ఎక్కడ గడ్డి మార్చాలో మా నాయన కింద పడుకునే చెప్పేవాడు. మ్యూవాన్లకు రాయి అలాంటి కప్పు. నేల మట్టాన ఉండే మామూలు మ్యూవాన్ ఏడెనిమిది మీటర్ల రాయి దాటేసరికి శక్తి అయిపోయి ఆగిపోతుంది. మహా శక్తితో వచ్చినవి మాత్రం వంద మీటర్ల రాయినైనా తొలుచుకుని వస్తాయి, కానీ అవి బహు కొద్ది. కింద ఒక పరికరం పెట్టి ఏ దిక్కునుంచి ఎన్ని వచ్చాయో లెక్కపెడుతూ కూర్చుంటే, రాయి ఇంత మందం ఉన్నప్పుడు ఇన్ని రావాలి అని ముందే వేసుకున్న లెక్కకన్నా ఒక దిక్కునుంచి ఎక్కువ వచ్చాయనుకోండి, ఆ దారిలో రాయి తక్కువుంది, అంటే ఖాళీ ఉంది అన్నమాట. అంతే. ఎక్స్‌రే లాంటిదే, కానీ కిరణాలు ఆసుపత్రి మెషిన్‌లోంచి కాదు, ఆకాశంలోంచి వస్తాయి. ఎక్స్‌రేకు సెకను చాలు, దీనికి నెలలు కావాలి.

పిరమిడ్ల మీద దీన్ని మొదట ప్రయోగించినవాడు లూయిస్ అల్వారెజ్. 1968లో ఫిజిక్స్ నోబెల్ వచ్చింది ఆయనకే. కుఫు పెద్ద పిరమిడ్‌లో లోపల గ్రాండ్ గ్యాలరీ, రాజు గది, రాణి గది అని ఇన్ని ఉంటే, పక్కనే దాదాపు అంతే పెద్దదైన కఫ్రే పిరమిడ్‌లో అడుగున బెల్జోనీ గది తప్ప చెప్పుకోదగ్గవేమీ లేవెందుకు, ఇంకా దాగి ఉన్నాయేమో అని ఆయనకు అనుమానం. అమెరికా, ఈజిప్టు శాస్త్రవేత్తలు కలిసి ఆ అడుగు గదిలో, కణం దూరిన దారిని నిప్పురవ్వలతో చూపించే స్పార్క్ ఛాంబర్లు బిగించారు. అంతా సిద్ధమయ్యే వేళకు 1967 జూన్‌లో ఇజ్రాయెల్‌తో యుద్ధం వచ్చిపడింది. సద్దుమణిగాక మళ్ళీ మొదలుపెట్టి 1970లో ఫలితం ప్రకటించారు. వాళ్ళు చూడగలిగిన 19 శాతం భాగంలో కొత్త గది ఏదీ లేదు. ఇది ఓటమి అని రాసేవాళ్ళను చూస్తే నాకు బాధేస్తుంది. వెతికి దొరక్కపోవడం వేరు, చూసి లేదని తేల్చడం వేరు. అదే కొలతలో ఆ పిరమిడ్ నాలుగు అంచులూ, శిఖరాన మిగిలిన సున్నపురాయి టోపీ కూడా కనిపించాయి, కాబట్టి పరికరం సరిగ్గానే చూస్తోందని రుజువైంది. లేనిదాన్ని లేదని అంత గట్టిగా చెప్పగలగడం చిన్న విషయం కాదు.

తర్వాత 2015 అక్టోబరులో స్కాన్‌పిరమిడ్స్ అనే పరిశోధన మొదలైంది, ఈసారి కుఫు పిరమిడ్ మీద. మీ వ్యాసంలో దీన్ని ఒక్క లైనులో తేల్చేశారు గానీ వాళ్ళ పని పద్ధతి చూడండి. జపాన్ నగోయా విశ్వవిద్యాలయం నుంచి కునిహిరో మొరిషిమా బృందం రాణి గదిలో ఎమల్షన్ ఫిల్ములు పరిచింది. పాతకాలం ఫోటో ఫిల్ము లాంటివే అవి, మ్యూవాన్ దూరిన దారి అందులో అచ్చుపడుతుంది, కడిగి మైక్రోస్కోప్ కింద ఒక్కో గీతనూ చదవాలి. కరెంటు అక్కర్లేదు, చప్పుడు లేదు. వాళ్ళకు గ్రాండ్ గ్యాలరీ పైన ఉండాల్సినదానికన్నా ఎక్కువ మ్యూవాన్లు కనపడ్డాయి. అక్కడితో చంకలు గుద్దుకోలేదు. జపాన్‌కే చెందిన కెఇకె అనే పరిశోధన సంస్థ అదే గదిలో సింటిలేటర్ అనే, కణం తగిలితే వెలుగు చిమ్మే వేరే రకం పరికరం పెట్టింది. ఫ్రాన్స్ అణుశక్తి సంస్థ సిఇఎ వాళ్ళు మూడో రకం పరికరాన్ని, గ్యాస్‌తో పనిచేసేదాన్ని, అసలు పిరమిడ్ బయటే ఉంచి అక్కణ్ణుంచి చూశారు. మూడు బృందాలు, మూడు పరికరాలు, మూడూ చూపించింది ఒకే చోటు. కనీసం 30 మీటర్ల పొడవున్న ఖాళీ. అప్పుడే, 2017 నవంబరులో, నేచర్ పత్రికలో ప్రకటించారు. అది గదా, నడవా, కట్టేటప్పుడు వదిలిన సందా అన్నది వాళ్ళు చెప్పలేదు, "పెద్ద ఖాళీ" అని మాత్రమే పేరు పెట్టారు. మ్యూవాన్లు చెప్పింది అంతవరకే కాబట్టి వాళ్ళూ అంతవరకే చెప్పారు. మీ హెడ్డింగులో "ఫారో నిధి గది" అని ఎలా వచ్చిందో నాకు అర్థం కాలేదు.

ఆనాడు ఈజిప్టు పురావస్తు నిపుణుడు జాహి హవాస్ దీన్ని ఒప్పుకోలేదు, పిరమిడ్ నిండా ఖాళీలే ఉంటాయి, ఇందులో కొత్తేముందన్నాడు. మంచిదే, అడగాల్సిన ప్రశ్నే. మరి 2023 మార్చిలో ఏమైంది? ఉత్తరం వైపు ప్రధాన ద్వారం పైన, రాళ్ళు ఇంటి వాలుకప్పులా ఒకదానికొకటి ఆనించి ఉన్న చోట, వెనకాల ఒక నడవా ఉందని మ్యూవాన్లు ముందే చూపించాయి. రాడార్‌తో, అల్ట్రాసౌండ్‌తో మళ్ళీ సరిచూసుకున్నారు. చివరికి రాళ్ళ సందులోంచి 6 మిల్లీమీటర్ల మందం ఉన్న కెమెరా గొట్టం దూర్చారు. లోపల 9 మీటర్ల పొడవు, సుమారు 2 మీటర్ల వెడల్పున నడవా, పైన వాలుగా పేర్చిన రాళ్ళు. 4,500 ఏళ్ళ తర్వాత మనిషి కంటికి కనపడింది. ఆ ప్రకటన చేసేటప్పుడు హవాస్ కూడా పక్కనే ఉన్నాడు. వీడియోలో ఆ చెక్కీచెక్కని రాతి గోడలు చూసినప్పుడు నాకు కళ్ళు చెమర్చాయి. రాయి ఒక్కటి కూడా కదపకుండా, మేకు కొట్టకుండా, లెక్కపెట్టి చెప్పిన మాట కళ్ళెదుట నిజమైంది!

ఇప్పుడు మీరు కలిపేసిన రెండో కథ. కఫ్రే పిరమిడ్ అడుగున 648 మీటర్ల లోతుకు దిగే 8 బావులున్నాయని 2025 మార్చిలో ఇటలీలో కొందరు ప్రెస్‌మీట్ పెట్టి చెప్పారు. దానికీ మ్యూవాన్లకూ సంబంధమే లేదు, వాళ్ళది శాటిలైట్ రాడార్. ఆ తరంగాలు నేలలోకి దిగేది కొద్దిపాటి లోతుకే, ఎడారిలో పొడి ఇసుక అయితే కొన్ని మీటర్లు. వందల మీటర్ల కిందికి చూశామంటే ఆ రంగంలో పనిచేసేవాళ్ళే నమ్మలేదు, హవాస్ అయితే కొట్టిపారేశాడు. ఇక మ్యూవాన్లు కిందికి చూడనే చూడలేవు, అవి పైనుంచి వచ్చేవి, కాబట్టి పరికరం ఎక్కడ పెడితే దాని పైనా పక్కనా ఉన్నదే కనిపిస్తుంది. ఒక పక్క ఏళ్ళ తరబడి లెక్కపెట్టి మూడు రకాలుగా సరిచూసిన పని, ఇంకో పక్క ఒక ప్రెస్‌మీట్. రెండింటికీ ఒకే అక్షరాలు, ఒకే బొమ్మ వేస్తే చదివే పిల్లలకు తేడా ఎలా తెలుస్తుంది చెప్పండి?

ఈ "కిందికి చూడలేవు" అన్న ముక్క మనవాళ్ళకూ కావాలి. 2023 అక్టోబరులో మేడిగడ్డ పిల్లర్లు కుంగినప్పుడు మా వాట్సాప్ గ్రూపులో ఒకాయన మ్యూవాన్లతో చూడొచ్చు కదా అన్నాడు. అక్కడ అనుమానమంతా పునాది కింద, వీటి రాక పైనుంచి. బోరు వేసి అంతకన్నా లోతుకు పరికరం దించగలిగితే తప్ప కుదరదు. సొరంగాల సంగతి వేరు. అసలు ఈ పద్ధతికి శ్రీకారం చుట్టిందే సొరంగంలో. 1955లో ఆస్ట్రేలియాలో స్నోయీ మౌంటెన్స్ జలవిద్యుత్ ప్రాజెక్టు సొరంగం లోపల ఇ.పి. జార్జ్ అనే ఆయన కణాలను లెక్కపెట్టే గైగర్ కౌంటర్ పెట్టి, నెత్తిన ఎంత మందం రాయి ఉందో మ్యూవాన్లతో కొలిచాడు. నాగార్జునసాగర్ కూడా రాతికట్టు డ్యామే, లోపల నడిచి తిరిగే గ్యాలరీలు ఉన్నాయి, అక్కణ్ణుంచి పైకి చూస్తే కట్టడం ఎలా ఉందో తెలుస్తుందేమో మన ఇంజినీర్లు ఆలోచించాలని నా కోరిక. తొందరపడి పెట్టే పరికరం కాదిది. 2025 ఫిబ్రవరిలో ఎస్సెల్బీసీ సొరంగం కూలి 8 మంది చిక్కుకున్నప్పటి లాంటి గంటల లెక్కన ప్రాణాలు పోయే చోట ఇది అక్కరకు రాదు. రాయి ఎంత మందంగా ఉంటే లెక్క కూడటానికి అంత ఆలస్యం. ముందుగా, తీరుబడిగా చూసి పెట్టుకోవడానికి మాత్రం పనికొస్తుంది. జపాన్‌లో ప్రమాదం జరిగిన ఫుకుషిమా అణు విద్యుత్ కేంద్రంలో మనిషి అడుగు పెట్టలేని ఒకటో రియాక్టర్ గర్భంలో ఇంధనం మిగల్లేదని 2015లో బయటినుంచే చెప్పింది ఈ పద్ధతే.

ఇక నేను ఇంత ఉక్రోషపడటానికి ఇంకో కారణముంది. మాది కుప్పం దగ్గర పల్లె. మా నాయన కోలారు బంగారు గనుల్లో, ఛాంపియన్ రీఫ్‌లో, టింబర్ పని చేసేవాడు, అంటే పైరాయి కూలకుండా దుంగలు నిలబెట్టే పని. ఆదివారం ఇంటికొచ్చినప్పుడు భోజనం దగ్గర ఆ కబుర్లు చెప్పేవాడు, కేజ్‌లో దిగేటప్పుడు చెవులు మూసుకుపోవడం, రాయి మీద చెయ్యి పెడితే చుర్రుమనడం. "బొంబాయి సార్లు కూడా మాతోటే దిగేవాళ్ళు రా. బంగారానికి కాదు. పైనుంచి ఏందో వాన మాదిరి పడతా ఉంటాదంట, కంటికి కనపడదంట, అది భూమిలోకి ఎంత దూరం దిగతాదో చూస్తా ఉండారంట" అనేవాడు. అప్పుడు మాకేమీ అర్థం కాలేదు. ఆయన చెప్పింది మ్యూవాన్ల గురించే అని నాకు తెలిసేసరికి నాయన పోయి పదకొండేళ్ళయింది.

ఆ సార్లు బొంబాయిలోని టాటా పరిశోధన సంస్థ (టిఐఎఫ్‌ఆర్) వాళ్ళు. 1950ల మొదట్లోనే బి.వి. శ్రీకంఠన్ గారు కోలారు గనుల్లో మ్యూవాన్లు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. 1960ల మొదట్లో జపాన్‌కు చెందిన మియాకే, మనవాళ్ళు వి.ఎస్. నరసింహం, పి.వి. రమణమూర్తి కలిసి లోతు పెంచుకుంటూ పోయి, ఎంత రాయి దాటాక ఎన్ని మిగులుతాయో కొలిచారు. అన్నిటికన్నా లోతైన చోట రెండు నెలలు పరికరం నడిపినా ఒక్క మ్యూవానూ రాలేదు. వాన ఆగిపోయే చోటు దొరికింది! అంత నిశ్శబ్దమైన చోటే, ఎంత రాయినైనా దాదాపు ఆగకుండా దాటిపోయే న్యూట్రినోలు అనే కణాలను పట్టడానికి అనువైందని తెలుసుకుని, 1965లో అదే ఛాంపియన్ రీఫ్ గనిలో 2.3 కిలోమీటర్ల లోతున మన శాస్త్రవేత్తలు జపాన్, ఇంగ్లండ్ వాళ్ళతో కలిసి వాతావరణంలో పుట్టే న్యూట్రినోల జాడ పట్టారు. ఇన్ని మీటర్ల రాయికి ఇన్ని మ్యూవాన్లు తగ్గుతాయి అన్న లెక్క లేకుండా పిరమిడ్‌లో ఖాళీ ఉందని చెప్పడం ఎవరి తరమూ కాదు, ఆ లెక్కలు కట్టిన చోట్లలో ఒకటి మా ఊరికి కూతవేటు దూరంలో ఉంది. గనులు 2001లో మూసేశారు, లోపల నీళ్ళు నిండిపోయాయి. ఊటీలో అదే సంస్థ వాళ్ళు గ్రేప్స్-3 మ్యూవాన్ టెలిస్కోపుతో 2014 డిసెంబరు 1న నెత్తిమీద ఉరిమిన ఒక మేఘంలో 130 కోట్ల వోల్టులున్నాయని లెక్కగట్టి 2019లో ప్రకటించారు, దాని గురించైనా మీరు ఒక మంచి వ్యాసం వేసి ఉంటే బాగుండేది.

నేనడిగేది రెండే. ఒకటి, "కిరణాలను పంపి" అన్న వాక్యం తప్పని, రాడార్ కథ వేరని రేపో ఎల్లుండో సవరణ వేయండి, మూలన చిన్న అక్షరాల్లో కాదు, ఆ వ్యాసం వేసిన పేజీలోనే. రెండు, మీ విలేకరి ఒకర్ని కోలారు పంపండి. బంగారుపేటలో రైలు మారి మారికుప్పం బండి ఎక్కితే ఛాంపియన్ స్టేషన్‌లో దిగొచ్చు. బొంబాయి సార్లతో కేజ్‌లో దిగినవాళ్ళు, వాళ్ళ పెట్టెలు మోసినవాళ్ళు ఎవరైనా మిగిలి ఉంటే ఇప్పటికే ఎనభై దాటి ఉంటారు. వాళ్ళను అడిగి రాసుకోవాలి. ఫోటోకు ఏదైనా కావాలంటే మా నాయన గనిలోకి దిగేటప్పుడు చూపించే నంబరు బిళ్ళ నా దగ్గరుంది, తెచ్చిస్తాను.

ఇట్లు
కుప్పం నుంచి మీ పాఠకుడు